పాఠశాలలో సాహిత్య పరిభాష: ఉపమ నుండి ఉపన్యాసం వరకు

ఉన్నత పాఠశాల తెలుగు వాచకంలో పాఠాల చివర కొన్ని మాటలు తప్పక కనిపిస్తాయి: ప్రతిపదార్థం, తాత్పర్యం, సారాంశం, సందర్భ సహిత వ్యాఖ్య, అలంకారం, శీర్షిక. అదే విద్యార్థి మరుసటి గంటలో హిందీ వాచకం తెరిస్తే భావార్థ్, సారాంశ్, సప్రసంగ్ వ్యాఖ్యా, అలంకార్, శీర్షక్ అన్న మాటలు ఎదురవుతాయి. ఇవన్నీ చాలవరకు ఒకే కుదురు నుండి పుట్టినవి. అయినప్పటికీ తెలుగు గంటలో నేర్చినది హిందీ గంటలో అక్కరకు రావడం అరుదు. ఒకే మాటను రెండుసార్లు కంఠస్థం చేసి రెండుసార్లూ మరచిపోవడమే తరచు జరుగుతున్నది.

దీనికి కారణం పిల్లల మందబుద్ధి కాదు. ఉపమాలంకార లక్షణం ఏమిటని అడిగితే తడుముకోకుండా ఒప్పజెప్పగల విద్యార్థి, మునుపు చూడని గద్యభాగం ఒకటి ఇచ్చి, ఇందులో రచయిత దేనిని దేనితో పోల్చాడు, ఎందుకు పోల్చాడు అని అడిగితే ఆగిపోతాడు. మొదటి ప్రశ్నకు జ్ఞాపకశక్తి చాలు. రెండవ ప్రశ్నకు చదవడం రావాలి. పరిభాష అంతా ఈ రెండవ పని కోసం ఏర్పడినదే. కాని పరీక్షలో మార్కులు మొదటి పనికి సులభంగా వస్తాయి కనుక, బోధన కూడా అటువైపే మొగ్గుతున్నది.

ఒక చిన్న గద్యభాగాన్ని ఎదుట ఉంచుకొని ఈ సంగతిని పరిశీలించవచ్చు. ఎనిమిదవ తరగతి స్థాయికి ఇది సరిపోతుంది.

“వానకాలం వచ్చి వెళ్ళింది. చెరువు నిండలేదు. గట్టు మీది మర్రిచెట్టు, ఊరు విడిచి వెళ్ళిన కొడుకుల కోసం ఎదురుచూచే ముసలి తండ్రివలె నిలిచి ఉన్నది. దోనె ఒకటి ఒడ్డున బోర్లించి ఉన్నది. సోమయ్య ఈ ఏడు కూడా దానికి తారు పూశాడు.”

నాలుగు అంగాలు

మూడవ వాక్యంలో ఉపమ ఉన్నది. ఉపమకు నాలుగు అంగాలు. పోల్చబడినది ఉపమేయం, ఇక్కడ అది మర్రిచెట్టు. దేనితో పోల్చారో అది ఉపమానం, ముసలి తండ్రి. పోలికను తెలిపే మాట ఉపమావాచకం. “వలె” అన్నది అదే. రెండింటికీ సమానమైన గుణం సమానధర్మం; నిలిచి ఉండడం. ఇంతవరకు చెప్పి పుస్తకం మూసివేస్తే పాఠం ముగిసినట్లే కనిపిస్తుంది. నిజానికి అప్పుడే మొదలు కావాలి. నిలిచి ఉండడం ఒక్కటే సమానధర్మమైతే రాతి స్తంభంతో పోల్చినా సరిపోయేది. ముసలి తండ్రే ఎందుకు? అందులోనూ కొడుకులు ఊరు విడిచిన తండ్రి ఎందుకు? ఈ ప్రశ్న వేసిన మరుక్షణం విద్యార్థి మొదటి రెండు వాక్యాల వైపు తిరిగి చూస్తాడు. చెరువు నిండకపోవడానికీ కొడుకులు ఊరు విడవడానికీ ఉన్న సంబంధం అతనికే తోస్తుంది.

ఆ వాక్యాన్నే కొంచెం మార్చి చూపితే తక్కిన అలంకారాలు కూడా వాటంతట అవే తెలియవస్తాయి. “మర్రిచెట్టు ఎవరి కోసమో ఎదురుచూస్తున్నదా అన్నట్లు నిలిచి ఉన్నది” అంటే పోలిక స్థానంలో ఊహ వచ్చి ఉత్ప్రేక్ష అయినది. “గట్టు మీద మర్రితాత నిలిచి ఉన్నాడు” అంటే చెట్టుకూ తాతకూ భేదం లేదని చెప్పడం, అది రూపకం. మూడు లక్షణాలను మూడు వేర్వేరు పద్యాలతో బోధించడం కంటె ఒకే వాక్యాన్ని మూడు విధాల మార్చి చూపడం మేలు. తేడా ఎక్కడ ఉన్నదో కంటికి కనిపిస్తుంది.

హిందీ గంటలో ఇదే ఉపమ వచ్చినప్పుడు “వలె” స్థానంలో సా, సీ, సే, జైసా, సమాన్ అన్నవి ఉంటాయి. ఉత్ప్రేక్షకు మానో, జానో. కన్నడంలో అంతె, మరాఠీలో సారఖా, బెంగాలీలో మతో. తమిళంలో పోల, మలయాళంలో పోలె అంటారు. ఈ చివరి రెండూ తెలుగు పద్యాలలో కనిపించే “పోలె”కు తోబుట్టువులు; పోలు అన్న క్రియ ఈ భాషలన్నిటికీ ఉమ్మడి సొత్తు. ఈ చిన్న మాటలను నల్లబల్ల మీద వరుసగా వ్రాస్తే ఐదు నిమిషాలు పడుతుంది. తెలియని భాషలో సైతం ఉపమను గుర్తించగలమన్న ధైర్యం పిల్లలకు కలుగుతుంది.

హైదరాబాదులోను, కర్నూలు, కడప వంటి పట్టణాలలోను ఉన్న ఉర్దూ మాధ్యమ పాఠశాలల్లో ఇదే పాఠం మరొక పరిభాషలో జరుగుతుంది. అక్కడ ఉపమ పేరు తష్బీహ్. ఉపమేయం ముషబ్బహ్, ఉపమానం ముషబ్బహ్ బిహి, సమానధర్మం వజ్హె షబహ్, ఉపమావాచకం హర్ఫె తష్బీహ్. ఈ పరిభాష అరబ్బీ, ఫారసీ అలంకారశాస్త్రాల నుండి వచ్చినది. తెలుగు పాఠంలోనిది సంస్కృతం నుండి వచ్చినది. వేరువేరు దారులలో పెరిగిన రెండు శాస్త్రాలు పోలికను విడదీయబోయి అవే నాలుగు ముక్కలుగా విడదీశాయి. పక్క పక్క వీధుల్లో చదువుకొనే పిల్లలకు ఈ సంగతి చెప్పేవారు మాత్రం తక్కువ.

సంస్కృత సంప్రదాయం కూడా ఒక భాషలోనే నిలిచిపోలేదు. దండి రచించిన కావ్యాదర్శం ఈ విషయంలో చెప్పుకోదగిన గ్రంథం. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూటరాజైన అమోఘవర్ష నృపతుంగుని ఆస్థానంలో వెలసిన కన్నడ కవిరాజమార్గం దానికి ఎంతో ఋణపడి ఉన్నది. తమిళంలో దండియలంకారం, సింహళంలో సియబస్లకర దాని ననుసరించి వచ్చినవే. పదమూడవ శతాబ్దిలో అది టిబెటు భాషలోకి పరివర్తితమై అక్కడి కవిత్వ శిక్షణకు పాఠ్యగ్రంథమైనది. అయితే తమిళులు ఉపమను దండి వద్దనే నేర్చుకొన్నారని అనుకోరాదు. అంతకు ఎంతో ముందే వెలసిన తొల్కాప్పియంలో ఉపమకు ఒక అధ్యాయమే ఉన్నది.

పేరు ఒకటి, అర్థాలు అనేకం

ఇంతవరకు చెప్పినది అనుకూలమైన భాగం. అలంకారాల పేర్లు దేశమంతటా దాదాపు ఒక్కటే కనుక అక్కడ చిక్కు లేదు. ప్రక్రియల పేర్ల వద్దకూ, ప్రశ్నపత్రంలో వాడే మాటల వద్దకూ వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. మాట తెలిసినదే అనుకొని ధైర్యంగా అడుగు వేసినవాడే ఇక్కడ జారిపడతాడు.

అన్నిటికంటె ప్రసిద్ధమైనది ఉపన్యాసం. తెలుగులో, కన్నడంలో ఇది సభలోనో కళాశాలలోనో చేసే ప్రసంగం. తమిళంలో ఉపన్యాసమంటే హరికథ వంటి ధార్మిక ప్రవచనం గుర్తుకు వస్తుంది. మలయాళంలో వ్యాసాన్ని ఉపన్యాసమంటారు. హిందీ, బెంగాలీ భాషల్లో అది నవల. ప్రేమ్‌చంద్‌ను హిందీ పాఠకులు ఉపన్యాస్ సమ్రాట్ అంటారు. తెలుగు విద్యార్థి ఆ మాటను ఉన్నదున్నట్లు తీసుకొంటే, ఆ మహారచయిత జీవితమంతా వేదికలెక్కి మాట్లాడిన వక్తగా తోస్తాడు. ఇది నవ్వుకోదగిన పొరపాటే గాని, “ఆప్ కా ప్రియ ఉపన్యాస్” అన్న వ్యాసాంశం కింద ఏదో ఒక మహానాయకుని ప్రసంగాన్ని గురించి వ్రాసి సున్న తెచ్చుకొన్న విద్యార్థికి నవ్వు రాదు.

ప్రసంగం అన్న మాట కూడా ఇటువంటిదే. హిందీలో సప్రసంగ్ వ్యాఖ్యా అంటే సందర్భ సహిత వ్యాఖ్య. ప్రసంగ్ అంటే సందర్భం. తెలుగు పిల్లవాడు ఎవరు ప్రసంగించారా అని వెదకుతాడు. ఆశయ్ స్పష్ట్ కీజియే అంటే అభిప్రాయం విశదం చేయమని; తెలుగులో ఆశయమంటే సాధించదలచిన లక్ష్యం. చరిత్ర్-చిత్రణ్ అంటే పాత్ర చిత్రణ. తెలుగులో చరిత్ర అంటే గడచిన కాలపు వృత్తాంతం. ఆ వృత్తాంతాన్ని హిందీలో ఇతిహాస్ అంటారు. తెలుగులో ఇతిహాసమనగానే రామాయణ భారతాలు గుర్తుకు వస్తాయి. హిందీలో ఆలోచనా అంటే విమర్శ. తెలుగులో అది విమర్శకు ముందు చేయవలసిన పని.

ప్రబంధం మరీ విచిత్రం. తెలుగు సాహిత్య చరిత్రలో అది శ్రీకృష్ణదేవరాయల కాలంలో పరిపక్వమైన వర్ణనాత్మక కావ్యం. తమిళ వైష్ణవులకు ఆళ్వారుల పాశురాల సంపుటి. బెంగాలీలో సామాన్యమైన గద్యవ్యాసం. హిందీలో ప్రబంధ్-కావ్య అన్నప్పుడు కథాత్మక కావ్యం. ఒట్టి ప్రబంధ్ అన్నప్పుడు నిర్వహణ. రైల్వే డివిజనల్ కార్యాలయాల ముందు మండల్ రేల్ ప్రబంధక్ అన్న హిందీ ఫలకం చూచి, ఆ అధికారి మనుచరిత్ర వంటిదేదో వ్రాసి ఉంటాడని అనుకోవడానికి తెలుగు పిల్లలకు పూర్తి హక్కు ఉన్నది.

తెలుగులో నవల అన్న మాట స్థిరపడక ముందు ఆ ప్రక్రియకు కూడా ప్రబంధమనే పేరు కొంతకాలం నడిచినది. 1878లో వెలువడనారంభించిన రాజశేఖర చరిత్రమును కందుకూరి వీరేశలింగం వచన ప్రబంధమన్నారు. కొత్తగా వచ్చిన ప్రక్రియకు ఏ భాష ఏ పేరు పెట్టుకొన్నదో చూస్తే, పాత సొమ్ములో నుండి ఎవరు దేనిని వెలికి తీశారో తెలుస్తుంది. బెంగాలీలు ఉపన్యాసాన్ని తీసుకొన్నారు. మరాఠీ, కన్నడ భాషలవారు ఏడవ శతాబ్దిలో బాణుడు వ్రాసిన గద్యకావ్యం పేరునే ప్రక్రియకు పేరుగా చేసి, ప్రతి నవలనూ కాదంబరి అన్నారు.

ఈ తేడాలు పండితుల వినోదానికి పనికివచ్చేవి మాత్రమే అయితే పాఠశాలలో వాటి ప్రస్తావన అనవసరం. కాని పై గద్యభాగంలోని మర్రిచెట్టు ఎవరి కోసం ఎదురుచూస్తున్నదో, ఆ కొడుకుల పిల్లలు ఎక్కడో ఒకచోట బడికి వెళ్ళుతూనే ఉంటారు. షోలాపూరు, భివండి మగ్గాల పేటలలోను, ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలోను, ఒడిశాలోని బరంపురంలోను తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. బదిలీలు తప్పని కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లల కోసం 1963లో ఆరంభమైన కేంద్రీయ విద్యాలయాలలో, సగం చదువు ఒక రాష్ట్రంలో, సగం మరొక రాష్ట్రంలో సాగినవారు ఎందరో. ఇంట్లో తల్లి నవల అంటుంది; మరాఠీ మాస్టరు కాదంబరి అంటారు; హిందీ పుస్తకం ఉపన్యాస్ అంటుంది. మూడూ ఒక్కటే అని ఎవరైనా ఒకసారి చెప్పేవరకు ఆ పిల్ల మూడు వేర్వేరు వస్తువులను మోస్తూనే ఉంటుంది. చెప్పవలసినవారు ఎవరన్నది ఏ ఉపాధ్యాయుని పాఠ్యప్రణాళికలోను లేదు. 1968 జాతీయ విద్యావిధానం త్రిభాషా సూత్రాన్ని నిర్దేశించినది; మూడు భాషల ఉపాధ్యాయులు ఒకరి పుస్తకం మరొకరు చూడాలని మాత్రం ఏ సూత్రమూ నిర్దేశించదు.

యతి, మకుటం

ఛందస్సులో ఈ చిక్కు ఇంకా లోతైనది. ఉత్పలమాలలో ప్రతి పాదానికీ ఇరవై అక్షరాలు. పదవ అక్షరం యతిస్థానం. అంటే పాదం మొదటి అక్షరానికి పదవ అక్షరంతో మైత్రి కుదరాలి. తెలుగువారికి యతి అంటే ఈ మైత్రి. సంస్కృతంలోను హిందీలోను యతి అంటే విరామం, అనగా చదివేటప్పుడు కొద్దిగా ఆగే చోటు. దోహాలో పదమూడు మాత్రల తరువాత యతి ఉంటుందని హిందీ ఉపాధ్యాయుడు చెప్పగానే, శ్రద్ధగల తెలుగు విద్యార్థి అక్కడ ఏ అక్షరం దేనితో కలిసిందోనని వెదకడం మొదలుపెడతాడు. దొరకదు. కబీరుకు ఛందస్సు రాదన్న నిర్ణయానికి అతడు వచ్చినా ఆశ్చర్యపడనక్కర లేదు. శ్రద్ధ లేని విద్యార్థికి ఈ చిక్కే లేదు.

ప్రాస విషయమూ అంతే. తెలుగులో ప్రాస అంటే పాదాలన్నిటా రెండవ అక్షరంలోని హల్లు ఒక్కటే కావడం. తమిళంలో దీనిని ఎదుగై అంటారు, కన్నడంలో ఆదిప్రాస. మలయాళంలో ఈ ద్వితీయాక్షర ప్రాస కవిత్వానికి అవసరమా కాదా అన్న విషయమై పందొమ్మిదవ శతాబ్ది చివర పెద్ద వివాదమే నడిచినది. కేరళవర్మ వలియ కోయిత్తంపురాన్ అవసరమని, ఆయన మేనల్లుడు ఎ.ఆర్. రాజరాజవర్మ అవసరం లేదని వాదించారు. దక్షిణ భాషలన్నిటినీ ఇంతగా పట్టుకొన్న ఈ నియమానికి హిందీ ఛందస్సులో స్థానం లేదు. అక్కడ పాదాల చివరి పొందిక ముఖ్యం. దానిని తుక్ అంటారు.

దీనికి విపర్యయంగా, వస్తువు ఒకటే అయి పేర్లు వేరైన సందర్భాలూ ఉన్నవి. తెలుగు శతకపద్యం మకుటంతో ముగుస్తుంది. మకుటమున్న చోట పద్యం ఏ శతకంలోనిదో సంశయం ఉండదు. కన్నడ వచనకారుల రచనలలో ఈ స్థానాన్ని అంకితం ఆక్రమిస్తుంది. బసవేశ్వరునికి అది కూడలసంగమదేవుని పేరు. హిందీ భక్తకవుల పదాలలో కవి తన పేరు పెట్టుకొంటే ఛాప్. బెంగాలీ పదావళిలో భణిత. ఉర్దూ గజల్ చివరి షేర్‌లో తఖల్లుస్. మకుటంలో సాధారణంగా సంబోధన ఉంటుంది, తఖల్లుస్‌లో కవి కలంపేరు ఉంటుంది. కాబట్టి ఇవి అచ్చంగా ఒక్కటే అనరాదు. అయినా పాడుకొంటూ, నోటినుండి నోటికి సాగే కవిత్వంలో ఇది ఎవరిదన్న ముద్ర వేయవలసిన అవసరం ఇన్ని భాషలలోను కలిగినదన్నది గమనార్హం. వేమన పద్యం చదివిన తరగతికి కబీరు దోహా అపరిచితంగా తోచనక్కర లేదు. పేర్లు అడ్డు వస్తున్నవి, అంతే.

చెప్పినది, చెప్పనిది

మళ్ళీ చెరువు గట్టుకు రావాలి. అపరిచిత గద్యం (హిందీలో అపఠిత్ గద్యాంశ్) కింద ఇచ్చే ప్రశ్నలు సాధారణంగా మూడు రకాలు. చెరువు నిండినదా అన్నది మొదటి రకం; జవాబు పాఠ్యంలోనే ఉన్నది. దీనికి తగిన శీర్షిక పెట్టండి, సారాంశం వ్రాయండి అన్నవి రెండవ రకం. సోమయ్య దోనెకు తారు ఎందుకు పూశాడన్నది మూడవ రకం.

సారాంశం, తాత్పర్యం, భావం అన్న మూడు మాటలను ఒకదాని బదులు ఒకటి వాడే అలవాటు ఉపాధ్యాయులలోనే ఉన్నది. సారాంశమంటే కుదింపు. మూలంలో ఉన్నదే, తక్కువ మాటలలో. తాత్పర్యమంటే పద్యం చెప్పినదంతా తేలిక వచనంలో. అది మూలం కంటె పొడుగైనా తప్పు లేదు. భావం వీటి రెండింటికీ వెనుక నిలిచి, ఈ మాటల వలన కవి ఏమి తెలియజేయదలచాడన్నది చెబుతుంది. హిందీ ప్రశ్నపత్రంలోని ఆశయ్ దీనికి దగ్గరది.

ఇప్పుడు పై గద్యభాగానికి సారాంశం వ్రాయమంటే చాలామంది “చెరువు ఎండినందున కొడుకులు ఊరు విడిచిపోయారు” అని వ్రాస్తారు. ఇది తప్పు. కొడుకులు ఊరు విడిచిన సంగతి పాఠ్యంలో జరిగిన విషయంగా లేదు. ఉపమానంలో మాత్రమే ఉన్నది. ఆ ముసలి తండ్రి ఆ ఊరివాడని కూడా రచయిత అనలేదు. సారాంశంలో దానికి చోటు లేదు. భావం వ్రాయమన్నప్పుడు మాత్రం అదే వాక్యం ముఖ్యమైన ఆధారమవుతుంది. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరకుడైన ఆనందవర్ధనుడు వాచ్యమని, వ్యంగ్యమని చేసిన విభాగం ఇదే. మాటలు నేరుగా చెప్పేది వాచ్యం. చెప్పకయే స్ఫురింపజేసేది వ్యంగ్యం. ఎనిమిదవ తరగతిలో ఆనందవర్ధనుని పేరు చెప్పనక్కర లేదు గాని, అతడు గీసిన గీత ఎక్కడ ఉన్నదో చూపాలి. హిందీలో వ్యంగ్య్ అన్న మాట ఈనాడు ఎక్కువగా ఎత్తిపొడుపు రచనకు పరిమితమైనదని, తెలుగులోనూ ఆ ఛాయ ఉన్నదని ఆ సందర్భంలోనే హెచ్చరించడం మంచిది.

సోమయ్య తారు ఎందుకు పూశాడు? ఎండకు చెక్క బీటలు వారకుండా అని ఒక విద్యార్థి వ్రాయవచ్చు. వచ్చే ఏడైనా చెరువు నిండుతుందన్న ఆశతో అని మరొకడు వ్రాయవచ్చు. మొదటి జవాబును కొట్టివేయడానికి ఉపాధ్యాయుని వద్ద హక్కు లేదు; తారు పూసేది చెక్క చెడకుండా ఉండడానికే. కాని చెక్క చెడకూడదని అనుకోవడం ఎందుకన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నది. ఇద్దరినీ ఆఖరి వాక్యం మళ్ళీ చదవమనాలి. “ఈ ఏడు కూడా” అన్నది పాఠ్యం. నిరుడూ పూశాడన్నమాట. నిరుడు చెరువు నిండినదో లేదో రచయిత చెప్పలేదు; ఆ “కూడా” ఆ మాట అడగమని చెబుతున్నది.

ఈ భాగాన్నే హిందీ గంటలో అనువాదాభ్యాసంగా ఇస్తే మర్రికి బర్గద్, దోనెకు డోంగీ, తారుకు తార్‌కోల్ అన్న మాటలు నిఘంటువులో దొరుకుతాయి. పిల్లలు ఎక్కువగా వాటి కోసమే తడుముకొంటారు. అంతా వ్రాసిన తరువాత “ఇస్ సాల్ భీ” అన్నచోట “భీ” ఉన్నదో లేదో ఉపాధ్యాయుడు ముందుగా చూడాలి. అది జారిపోతే సోమయ్య ఒకసారి తారు పూసిన మనిషిగా మాత్రమే మిగులుతాడు.